సింగపూర్ రోడ్ దాటాక

ముప్పై నాలుగేళ్ళు సింగపూర్ వెళ్ళొచ్చాను.
నవ్వకండి. రాయగడ పక్క స్టేషన్ పేరది,
టీ చల్లారేలోగా వచ్చేస్తుంది.
బోర్డు కింద మేకలు, గాలిలో కాగితం మిల్లు వాసన.
నల్లకోటు, ఎర్రపెన్ను, చేతిలో చార్టు,
కుప్పిలి దాలినాయుడు, టికెట్ ఎగ్జామినరు.
ఎవడి బెర్తు ఎవడిదో తేల్చడమే బతుకు.

మొన్న నిజంగానే సముద్రం దాటాం, నేనూ అసిరితల్లీ.
సెలవులకెళ్ళేవాళ్ళ విమానం, తోక మీద మందారప్పువ్వు.
ఎక్కిన ప్రతివాడికీ పూలచొక్కా.
ఒక పిల్లాడైతే ఇంకా చూడని ఇసక కోసం
బకెట్టు నెత్తిన బోర్లించుకుని కూర్చున్నాడు.

ముందు గదిలో సీట్లు మిగిలాయి, పాడుకోండి
అని ఫోన్లో కబురొచ్చింది.
వేలమంటే మా ఆవిడకి ఒకరు నేర్పాలా?
ఇరవయ్యేళ్ళు సంతలో చింతపండు పాడిన మనిషి.
"తక్కువనుంచి ఎల్లు మావా,
మిగిలిపోతే ఆళ్ళకే నట్టం" అంది.
వెళ్ళాం. కొట్టేశాం.
తొమ్మిది గంటలు, పడుకునే కుర్చీల్లో!

మీటల్లో రెండు పనిచెయ్యవు.
కుర్చీ పూర్తిగా వాలదు, జారుడుబల్లలా ఆగిపోతుంది.
అయితేనేం, పెరుగు పింగాణీ గిన్నెలో.
పొగలొచ్చే తువ్వాలు పటకారుతో పట్టుకుని
ఇచ్చింది ఆ అమ్మాయి.
అసిరితల్లి దాంతో ముందు కిటికీ తుడిచింది.

తర్వాత ఆ పిల్ల వెళ్ళి తెర లాగింది.
కడ్డీ మీద కొక్కేల చప్పుడు.
ఏసీ పెట్టెల్లో నేను లాగినవెన్నో, తీసినవెన్నో.
లోపల ఉండి వినడం ఇదే మొదలు.

నిద్ర పట్టలేదు.
తలుపు దగ్గర నిలబడి కునికిన ఒళ్ళు
పరుపుని నమ్మదు.
పక్కన ఆవిడ గురక, బస్తా మీద వాలినంత సుఖంగా.
రెండున్నరకి లేచాను. తెరువలి దాటే టైం.
తెర తప్పించి వెనక్కి నడిచాను.

మూడొందల మంది, మడిచిపెట్టినట్టు.
నోళ్ళు తెరిచి, ఒక్కో చెప్పు జారి.
నా చెయ్యి జేబులో పెన్ను వెతుక్కుంది.
లెక్కపెట్టుకుంటూ పోయాను.
ముప్పయ్యొకటో వరసలో ఒక ముసలావిడ,
ఒళ్ళో సంచి, సంచి మీద రెండు చేతులు.
అంత నిద్రలోనూ పట్టు వదల్లేదు.

ఆగిపోయాను.

ఏ ఏడాదో గుర్తులేదు, శ్రావణం.
బిస్సం కటక్‌లో ఎక్కింది కొండ మనిషి,
ముక్కుకి మూడు పోగులు, ఒళ్ళో పసుపుకొమ్ముల గంప.
రిజర్వేషన్ పెట్టెలో, బాత్రూం పక్కన నేల మీద.
టికెట్ ఉంది. ఆ పెట్టెది కాదు.
మునిగుడలో దింపేశాను.
రూలు నావైపుంది. ఇప్పటికీ ఉంది.
జోరున వాన.
తిట్టలేదు. గంపలోంచి ఒక కొమ్ము తీసి
నా అరచేతిలో పెట్టి దిగింది.
లంచమా, శాపమా, జాలా?
అందరి బెర్తులూ తేల్చినవాణ్ణి
అదొక్కటీ తేల్చలేకపోయాను.

"ఏమైనా కావాలా సార్?"
"లేదమ్మా, ఊరికే చూస్తున్నా."
"మీ సీటు ముందుంది సార్."
ఎంత మర్యాదగా చెప్పింది!
నేను వెనక్కి చూపించేవాణ్ణి, పెన్నుతో.

తెల్లారేసరికి రెక్కంతా పసుపు.
అసిరితల్లి లేచి నా కాళ్ళకేసి చూసింది.
"డూటీకెల్లొచ్చావు కదేటి?
సెప్పులు కుడెడమలు సేసుకున్నావు."

దీవి ఎలా ఉందని అందరూ అడుగుతున్నారు.
ఇసక తెలుపు, నీళ్ళు నీలం, కొబ్బరిబొండం నాలుగొందలు.

తిరుగు రైలు మునిగుడలో ఆగింది, రాత్రి.
ఏసీ టికెట్ జేబులో పెట్టుకుని దిగి
జనరల్ పెట్టె ఎక్కాను, తలుపు దగ్గర.
గంప మీద కూర్చున్న పిల్ల
కొంచెం జరిగి చోటిచ్చింది,
టికెట్ అడగలేదు.
ఫోన్లో అసిరితల్లి కేకలు.
"సింగపూర్ వచ్చాక వస్తానే" అన్నాను.