మూడో స్లాట్

అట్ట మీద పేరు ఇంగ్లీషులో బారెడుండేది.
మేం రేవాట అనేవాళ్ళం.
కంచరపాలెం మెట్టు దగ్గర, కామేశం గారి నెట్ సెంటర్లో,
గంటకి పదిహేను, ఫ్యాను కింద సీటైతే ఇరవై.
పూర్ణా మార్కెట్ సందులో కొన్న సీడీ.
గీత పడ్డ చోట ఒక వీధి
ఎప్పుడూ సగమే కట్టి వదిలేసినట్టుండేది.

పదకొండేళ్ళకి రెండోది వచ్చింది.
మూడు రాత్రులు దిగింది.
పోర్టులో నైట్ షిఫ్ట్ దిగి వచ్చి చూస్తే
తొంభై ఒకటి దగ్గర ఆగి, మళ్ళీ కదిలి.
ఎంత పెట్టానో ఇంట్లో సగమే చెప్పాను.

అబద్ధమెందుకు, నీళ్ళు బాగున్నాయి.
అలలో అల విరగడం, దాని మీంచి ఎండ జారడం,
చొక్కా తడిస్తే వంటికి అంటుకుపోవడం.
ఊరు నాలుగింతలైంది.
ప్రతి తలుపు మీదా దీపం, ఏ తలుపూ తీసుకోదు.
ఎటెళ్ళాలో నేల మీద పసుపు గీత చెప్తూనే ఉంటుంది,
కొత్తగా చేరినవాణ్ణి వదలని సూపర్‌వైజర్లా.
బ్యాంకు దోచాను. పోలీసులొచ్చారు.
మలుపు తిరిగి టీ తాగేంతసేపు నిలబడితే
మర్చిపోయి వెళ్ళిపోయారు.

రేవు కోసం వెతికాను.
ఉంది. చెక్కల వంతెన, చివర్న పడవ,
పడవలో ముసలాయన. ముఖాన ఒక్కో ముడతా
ఎవరో పనిగట్టుకు కూర్చుని చెక్కినట్టు.

పాత ఆటలో ఆయనకి ముఖమే లేదు.
గోధుమరంగు పలక, రెండు చుక్కలు కళ్ళు.
కానీ పడవ ఎత్తుకుపోతే
మోకాల్లోతు నీళ్ళలో నిలబడి తిట్టేవాడు.
కనుచూపు దాటేదాకా తిట్టేవాడు.
మర్నాడు వెళ్తే అక్కడే ఉండేవాడు, పడవ లేకుండా,
మనల్ని గుర్తుపట్టి మళ్ళీ మొదలెట్టేవాడు.
ఆ ఇంగ్లీషు మాకేం తెలుసు?
నూకరాజే జాలారిపేట నాయనమ్మ గొంతు తెచ్చుకుని
"నీ సేతులిరిగిపోను, నీ వల సిరిగిపోను,
నా పడవ నాకిచ్చీరా సచ్చినోడా"
అని డబ్బింగు చెప్పేవాడు.
నవ్వి నవ్వి, ఒకరోజు వాడే
పడవ వెనక్కి తెచ్చి కట్టేశాడు.
"పాపంరా. ఏటి తింటాడు?"
మిషను పోయింది. పదిహేను రూపాయలూ పోయాయి.

కొత్త ముసలాయన పడవ లాక్కున్నాను.
దులుపుకుని లేచాడు, భుజాలెగరేశాడు,
గట్టు వెంట నడిచి గోడలోకి వెళ్ళిపోయాడు.
వెనక్కొచ్చి చూస్తే కొత్త పడవ, కొత్త ముసలాయన,
అవే ముడతలు.
ఎనిమిదిసార్లు చేశాను.
ఒక్క మాట అనలేదు.

ఇప్పుడొకటి చెప్పాలి.
పాతదానిలో దాచుకోడానికి మూడే స్లాట్లు.
మూడోది నూకరాజుది. డెబ్బై ఎనిమిది శాతం.
ఒక వేసవంతా, వాళ్ళమ్మ చేపల బుట్టలో చిల్లరంతా.
వాడు రాని ఒక సాయంత్రం
దాని మీద నాది రాసేశాను.
ఉన్నది పోతుంది, సరేనా అని ఆట అడిగింది కూడా.
మర్నాడు, కరెంటు పోయిందిరా అన్నాను.
కామేశం గారు నా వైపు చూసి,
రిజిస్టరు మూసి, ఏం మాట్లాడలేదు.

కొత్తదానిలో స్లాట్లే లేవు.
అడుగడుక్కీ తనే రాసుకుంటుంది.
వందల నేరాలు పెట్టారు,
నిజంగా చెయ్యగలిగేది ఒక్కటీ పెట్టలేదు.

ఆదివారం గోపాలపట్నం వెళ్ళాను.
నూకరాజు ఎవరిదో మిక్సీ విప్పుకుని కూర్చున్నాడు,
మరలు మూతలో, మూత మోకాలి మీద.
రెండోది ఆడావా అన్నాను.
"మేనల్లుడు ఏస్తంటే సూశాను" అన్నాడు.
బ్రష్షుతో మోటారు దులుపుతూ
"ముసలోడు తిట్టట్లేదేట్రా" అన్నాడు.

టీ తెప్పించాడు. పల్చగా, అల్లం ఎక్కువై.
సింహాచలం బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.
మూడో స్లాట్ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది.
వాడు తలెత్తి చూశాడు, కాసేపు,
రిజిస్టరు మూసిన కామేశం గారిలా.

తెలుసు వాడికి.
ఎన్నాళ్ళనుంచో తెలుసు.

తిడతాడేమోనని
గ్లాసు ఖాళీ అయ్యాక కూడా
చాలాసేపు కూర్చున్నాను.