నలభై రెండున్నర గింజలు

అక్టోబరు మొదటి శనివారం. మంచు ఇంకా కొండ నడుము దగ్గరే ఉంది.
వెండెల్ టోల్లెఫ్సన్ కొట్లోకి వచ్చి
టోపీ తీయకుండానే అడిగాడు:
"గ్రే హెరాన్ ఏడో నంబరు వచ్చిందా?"
రాలేదన్నాను.
పోయినేడూ అదే మాటన్నాను.
"రాలేదా, ఇక రాదా? అది చెప్పు."

నా వెనక అరలో మూడు రంగుల డబ్బాలు.
ఎర్రది గ్రే హెరాన్, పచ్చది టూ రివర్స్,
నల్ల మూతది బ్లాక్ లార్చ్.
నాన్న ఈ కొట్టు నడిపిన రోజుల్లో
మూడు కంపెనీల మనుషులూ మూడు ట్రక్కుల్లో వచ్చేవాళ్లు.
ఒకడుండగా ఇంకొకడు కాఫీ కప్పు ముట్టేవాడు కాదు.
ఇప్పుడొకటే ట్రక్కు. డ్రైవరుకి ఎవరితోనూ పేచీ లేదు.
డబ్బా తిరగేస్తే
అడుగున చీమకాళ్లంత అక్షరాల్లో
మూడింటికీ ఒకటే చిరునామా.
మా మోంటానాకి పద్దెనిమిది వందల మైళ్ల అవతల
అద్దాల మేడలో పదకొండో అంతస్తు.

దోచుకోలేదు వాళ్లు. కొనుక్కున్నారు.
ముందు అప్పుల్లో మునిగినదాన్ని,
తర్వాత దాని గతి చూసి బెదిరినదాన్ని,
పచ్చ డబ్బాని మాత్రం
పెద్దాయన పోయాక కూతుళ్లు పంచుకోలేక అమ్మేశారు.
ప్రతిసారీ నాకో ఉత్తరం వచ్చేది:
"మీకు ఏమీ మారదు."
మూడింటినీ ఒకే మేకుకి గుచ్చాను.

వెండెల్ జేబులోంచి నోటుబుక్కు తీశాడు.
నూనె మరకల అట్ట, నలభై ఒక్క ఏళ్ల రాత.
ఏ ఇత్తడి గుల్లని ఎన్నోసారి నింపాడో,
ఆ పూట గాలి ఎటు కొట్టిందో,
ఏ లోయలో ఏ ఎల్క్ తప్పించుకుపోయిందో.
భార్య ఇర్మా తూచిన రోజైతే పక్కన చిన్న "ఇ".
పేజీలెన్ని తిప్పినా మారనిది ఒక్కటే:
ఏడో నంబరు, నలభై రెండున్నర గింజలు.

గింజంటే గింజే.
కంసాలి గురిగింజ వేసి బంగారం తూచినట్టు
ఎప్పుడో ఎవరో బార్లీ గింజతో మొదలుపెట్టిన తూకం.
అర గింజ ఎక్కువైతే తుపాకి కసురుతుంది.
ఇంకా ఎక్కువైతే కసరదు.
పాత లెక్క కొత్త డబ్బాకి చెల్లదు, అందుకే.
మందు ఒకటి ఆగిపోతే
పుస్తకం మొత్తం మూగదవుతుంది.
వైద్యుడికే అనుకుంటాం గానీ
తూటా నింపే చేతికీ హస్తవాసి ఉంటుంది.
ఇర్మా చేతికి ఉండేదని ఊరంతా అంటారు.

అప్పుడే కుక్క మేతకని వచ్చింది ఓర్లా ఫిన్‌స్టాడ్.
ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్లు
మందు పరీక్షించే గదిలో చేసింది,
ఆ గదికి తాళం పడేదాకా.
ఎర్ర డబ్బానీ నల్ల మూతదాన్నీ పక్కపక్కన పెట్టి నవ్వింది.
"రెండూ ఒకే పీపా. కొత్త లేబుళ్లు అంటించిన రాత్రి
డ్యూటీ నాదే. ధరలో ఆరు డాలర్ల తేడా ఎందుకో
అది మాత్రం నాకు తెలీదు."

"మరి ఏడో నంబరు?"

"దాన్ని ఎవరూ చంపలేదు, వెండెల్.
అది మెల్లగా ఆరే మందు.
గంటకి ఎన్ని పౌన్లు అని వాళ్ల కాగితంలో ఓ గడి ఉంటుంది.
ఆ గడిలో పట్టలేదు.
సైన్యం ఆర్డరు ముందు మీరంతా కలిపి
నూటికి నలుగురు."

వెండెల్ నలుగురిలో ఒకడిలా నిలబడ్డాడు కాసేపు.
హీటరు గురకపెడుతోంది.
ఇంట్లో ఇంకా ఎంత ఉందని అడిగాను.
"పదకొండు తూటాలకి."
అని, నల్ల మూతది ఒకటి ఇమ్మన్నాడు.

నేను బిల్లు కొడుతుంటే
బల్ల మీద కొత్త పేజీ తెరిచి తేదీ వేశాడు.
దాని కింద: "ముప్పై ఎనిమిది. మొదలు."
తెలియని మందుని కింద నుంచే ఎక్కాలి,
అర గింజ, అర గింజ.
డెబ్బై ఆరేళ్లు ఆయనకి.

ఓర్లా మాత్రం కుక్క మేత సంచి తిరగేసి
అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదువుతోంది.