రెండో పేజీ

జడ్చర్ల చౌరస్తల జిరాక్సు షాపు మీద గది.
ఫ్యాను తిరిగినప్పుడల్ల గోడ మీది లేఅవుట్ మ్యాపు
ఒక మూల లేచి, మళ్ల పండుకుంటది.
నా పని భూములమ్ముడు గాదు.
ప్లాటని ఎవరన్న ఫోన్ల కొట్టంగనే
మా పేరు ముందుగాల ఎక్కాలె, గంతే.

"రెండో పేజీ అంటె బొందలగడ్డ, బాలమణీ.
ఆడికి పోయినోళ్లను ఎవ్వరూ ఎతకరు"
అంటడు కిష్టారెడ్డి సారు.
ఆయన మీద నాకేం కోపం లేదు,
పన్నెండు వేలు, ఒకటో తారీఖుకే ఇస్తడు.

బాలానగర్ అని కొడితె
మొదలు పట్నం బాలానగరొస్తది, లేత్ మిషిన్ల మోతతోని.
దాని కింద మన బాలానగర్.
మన బాలానగర్ల మన వెంచర్ లేదు,
సీతాఫలం ఉంది.
గంపలల్ల, తక్కెడల, ఎవరిదో పిల్లగాని మూతికి.
"ఆ పండును కిందికి నూకు" అన్నడు సారు.

నాలుగు నెల్లు నూకిన.
హైవేకు ఆనుకొని, క్లియర్ టైటిల్, స్పాట్ రిజిస్ట్రేషన్,
గజం తొమ్మిది వేలు మాత్రమే,
ఎయిర్‌పోర్టుకు నలభై నిమిషాలు
ఏ బండి మీదనో రాయలే.
ఒక్క పేజీల ఇరవై తీర్ల ఊరి పేరు రాసిన.
మా అమ్మమ్మ పూనకమొచ్చిన నాడు గూడ
ఎల్లమ్మ పేరు అన్నిసార్లు తియ్యలే.

ఖలీల్ డ్రోన్ ఎగరేసి పంపిన ఫొటోలు పదారు.
సున్నం గొట్టిన రాళ్లు, ఎర్ర మట్టి, కమాను,
కమాను మీద ఇంకా ఎండని రంగు.
ప్రతి ఫొటో ఎనక ఒక డబ్బ ఉంటది,
చూపు లేనోళ్లకు మిషిను సదివి చెప్పేటందుకు.
అండ్ల గూడ అవే కూరుతం:
బాలానగర్ ప్లాట్లు, బాలానగర్‌లో ప్లాట్లు,
తక్కువ ధరకు బాలానగర్‌లో ప్లాట్లు.
ఫొటోల ఏమున్నదని అడిగినోళ్లకు
నేను ఒక్కనాడు జెప్పలే.

పొద్దుగూకి బస్సు కోసం నిలవడితె
స్పీడు బ్రేకరు కాడ తిప్పమ్మ గంప.
ఏడుగురు అమ్మేటోళ్లల్ల మొదటి జాగ ఆమెదే.
"ఈడ బండి మెల్లగైతది బిడ్డా,
కూసునే కాడనే సగం బేరం."
కండ్లు ఇచ్చిన పండ్లు నాలుగు పైన పేర్చుకుంట అన్నది:
"పైనయి కొనేటందుకు,
తినేటందుకు కిందుంటయి."

ఇవి ఏ గుట్టయని అడిగిన.
"గుట్టేడిది? మీ కమాను లేచిన కాడి పొదలు
జేసీబీ ఒక్క పూటల పీకింది.
ఇప్పుడు ఆటో గట్టుకొని కొడంగల్ దిక్కుంచి తెస్తున్న.
పేరు మాత్రం బాలానగరే జెప్త.
ఆ పేరుకే ఆగుతరు."

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలే.
ఒకటే పేరు,
ఇద్దరం రోడ్డు మీద పెట్టి పిలుస్తున్నం.

దసర ఇంక తొమ్మిది దినాలుందనంగ
మా పేజీ మొదటికొచ్చింది.
సారు జిలేబి తెప్పిచ్చిండు, ఖలీల్ రెండు పొట్లాలు దిన్నడు.
అందరు పోయినంక
నేను రెండో పేజీ తెరిచిన.
ఆడుంది గంప.
ఒంటినిండ కండ్లు,
ఎవరన్న వస్తరేమో అన్నట్టు.

మళ్ల మా పేజీకొచ్చి ఖలీల్ ఫొటోలు ఒక్కొక్కటి పెద్దగ జేసి చూసిన.
పదకొండోదాని ఎనక డబ్బ తెరిచి
కూరిన మాటలన్ని తుడిచిన.
సారు చూడడు,
చూపున్నోళ్లకు ఆ డబ్బ కనవడది.
మెల్లగ కొట్టిన:

నలభై అడుగుల రోడ్డు అంచుకు,
పదిహేడో నంబరు రాయి పక్కన,
జేసీబీ మర్చిపోయిన ఒక్క సీతాఫలం పొద.
కాయలు మూడు.
ఇంకా కండ్లు ఇచ్చలే.