హుణసూరు ఆదివారం

లాటరీలో వీసా తగిలిందని తెలిసిన రోజు
కొండపిలో మా వీధికంతా ఒకటే మాట:
"డిగ్రీ చదివి కాయలు కోయడానికి పోతుందంట."

నిజమే.
సెప్టెంబరులో క్వీన్స్‌లాండ్ మామిడితోటలో దిగాను.
అమ్మమ్మది ఉలవపాడు.
మామిడికాయ తెంపడానికి సముద్రం దాటినదాన్ని
మా చుట్టాల్లో నేనొక్కదాన్నే.
చెట్లు పొట్టివి, కాయ పేరు వేరు.
సొన మాత్రం మనదే.
మోచేతిమీద పడితే అదే మంట,
వారం తిరిగేసరికి అదే నల్లమచ్చ.
పాస్‌పోర్టులో ముద్ర ఒక్కటీ పడలేదు,
చేతులమీద పదకొండు.

డిసెంబరుకి టాస్మేనియా. చెర్రీలు.
రేకుల షెడ్డులో బెల్టు కదులుతుంటే
రంగు చూసి విడదీయాలి.
రెండో రోజే సూపర్‌వైజరు వచ్చి నా వెనక నిలబడింది.
"ఎక్కడ నేర్చుకున్నావ్?"
"పొగాకులో" అన్నాను.
సిగరెట్టు అడుగుతున్నాననుకుందో ఏమో,
బయటికెళ్లి కాల్చుకోమని వేలు చూపింది.

ఏమని చెప్పను?
ఎండాకాలం సెలవులన్నీ దీనమ్మత్త పక్కన గోనెపట్టామీద కూచుని
ఆకును వెలుగుకు ఎత్తి చూశానని,
నిమ్మపండు రంగుది ఒక కుప్ప, నారింజది ఇంకో కుప్ప,
పచ్చి తగిలింది అవతలికి, మాడింది కాళ్ల దగ్గరికి;
ఆకు చిరిగితే అత్త తిట్టదు,
నా చెవి పక్కన ఊపిరి వదుల్తుంది, అంతే.
ఆ ఊపిరి భయానికే
ఈ దేశంలో నా చేయి తడబడలేదని.

ఆదివారం సెలవు.
వారం కూలిలో నాలుగోవంతు బస్సుకే పోసి
రోడ్డు ఆగిపోయేదాకా వెళ్లాను.
కొత్తపట్నంలో నిలబడితే
నీళ్లకవతల ఎవరో ఉన్నారనిపించేది.
ఇక్కడ దక్షిణాన ఇక ఊరు లేదు.
గాలికి చెంపలు మొద్దుబారిపోయాయి.
చెప్పులు తీసి
చాలాసేపు ఏమీ చేయకుండా ఉన్నాను.

అక్కడ గుర్తొచ్చింది.
జులైలో లారీ.
బియ్యం మూట, సత్తుగిన్నెలు, దుప్పటి, పాతికమంది ఆడవాళ్లు.
కర్ణాటకలో ఆకు పండే నాలుగు నెలలు
దీనమ్మత్త హుణసూరు బ్యారన్ల దగ్గరే ఉండేది, ఇరవైరెండేళ్లు.
నా ఫొటో కింద స్నేహితులు 'ట్రావెలర్' అని రాశారు.
మేస్త్రీ పుస్తకంలో అత్తకి రాసింది:
దీనమ్మ, ఆడకూలి, అడ్వాన్సు రెండువేలు.

ఆరో ఏడు ఒక ఆదివారం
ఎవరికీ చెప్పకుండా మైసూరు బస్సెక్కింది, ఒక్కతే.
కన్నడం రాదు.
రాజుగారి కోట ముందు జనంలో నిలబడి ఉంటే
లక్ష దీపాలు ఒక్క రెప్పపాటులో వెలిగాయంట.
"నా ఒంటిమీదే ఎవరో స్విచ్చేసినట్టు" అంది.
ఆఖరి బస్సు తప్పిపోయింది.
బస్టాండులో కొంగు పరుచుకుని పడుకుంది.
మర్నాడు మేస్త్రీ కూలి కోశాడు,
నోటికొచ్చినట్టు తిట్టాడు కూడా.
మామకి చెప్పలేదు. నాకే చెప్పింది,
అదీ ఆకు తీస్తూ తీస్తూ, తల ఎత్తకుండా.

ఆ సాయంత్రం నా ఆఖరి బస్సు
కళ్లముందే కదిలింది.
పరిగెత్తితే అందేదే.
పరిగెత్తలేదు.
అప్పుడనిపించింది,
అత్తకి కూడా తప్పిపోలేదేమో.

ఏప్రిల్లో ఇంటికొచ్చేసరికి గ్రేడింగు జోరుమీదుంది.
షెడ్డులో అందరూ అడిగింది ఒకటే: ఎంత మిగిలింది?
టిక్కెట్టు పోను, మంచం అద్దె పోను, లక్షా నలభై.
"ఓస్, అంతేనా" అంది సలోమి.
"ఒంగోల్లో కొట్టు పెట్టుకున్నా వస్తదిగా."
వస్తది. కాదనను.

దీనమ్మత్త పక్కకి జరిగి చోటిచ్చింది.
గోళ్లకింద జిగురు ఇంకా అలాగే ఉంది.
కాసేపటికి, నాకు మాత్రమే వినపడేట్టు:
"దీపాలుండాయంటే ఆడ?"

"లేవత్తా. ఒక్కటి గూడా లేదు.
సముద్రం, చీకటి."

అత్త చేతిలో ఆకును వెలుగుకు ఎత్తింది.
ఏ కుప్పలో వేయాలో
చాలాసేపు తేల్చుకోలేదు.