మాలె

ఈనిడ్ గారి ఎడమకాలి పుండు
ఆర్నెల్లుగా మానడం లేదు.
మంగళవారం మంగళవారం వెళ్లి కట్టు మారుస్తాను.
లింకన్‌షైర్ పల్లపు నేల. కిటికీలోంచి చూస్తే
స్కేలు పెట్టి గీసినట్టు కాలువ,
దాని మీద ఆకాశం, అంతే.

నొప్పి పదికి ఎంత అని అడగడం నా ఉద్యోగం.
ఆవిడ ఎప్పుడూ నాలుగంటుంది.
ఇవాళ అంకె చెప్పలేదు.
"మాలె అంటే ఏమిటో తెలుసా నీకు?" అంది.

అప్పుడామెకి తొమ్మిదేళ్లు.
గుర్రాల కొట్టం అటక మీద
ఒక ఖైదీ ఉండేవాడు, నూన్సియో.
ఇటలీ అడుగున ఏవో కొండల్లో
కంచరగాడిదలు తోలుకునే మనిషి.
తుపాకీ ఇచ్చి లిబియా ఇసకలో నిలబెట్టారు.
బార్దియాలో చేతులెత్తిన రోజు
వరసకి మొదలు కనపడలేదు, చివర కనపడలేదట.
పక్కవాడు వలవలా ఏడుస్తుంటే
తనకి మాత్రం ఆకలేసిందట.

చాక్లెట్ రంగు కోటు,
వీపు మీద పళ్లెమంత గుండ్రటి అతుకు.
పారిపోతే గురి తప్పకూడదు కదా.
పొగమంచులో ఈనిడ్ ఆ అతుకునే చూసుకుంటూ
బడి దారి దాకా వెనకాల నడిచేది.

అతనికి రాయడం రాదు.
నెలకి రెండుసార్లు, ఇరవైనాలుగు గీతల కాగితం మీద
క్యాంపులో ఎవడో రాసిపెట్టేవాడు.
నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను.
అందరి ఉత్తరాలూ ఒకటే ఉత్తరం.
వాళ్ల దేశం లొంగిపోయిందని కబురొచ్చాక
నువ్విక శత్రువు కాదన్నారు.
ఇంటికి పొమ్మని మాత్రం అనలేదు.
అతుకు అలాగే ఉంది.

సాయంత్రాలు మాలీతో మాట్లాడేవాడు.
మాలీ అంటే వాళ్ల గోధుమరంగు గుర్రం.
దానికి ఆ భాష వచ్చేసిందని
ఈనిడ్ ఇప్పటికీ అంటుంది.

ఫిబ్రవరి. గడ్డీ మట్టీ తవ్వి
బంగాళాదుంపలు ఏరే రోజులు.
ఒక పొద్దున అతను అటక దిగలేదు.
"పిల్లా, వెళ్లి లేపు" అన్నాడు నాన్న.
మోకాళ్లు గడ్డానికి తెచ్చుకుని పడుకున్నాడు.
కడుపు మీద చెయ్యి. మాలె, అన్నాడు.
మాలె, మాలె.

పరిగెత్తుకొచ్చి చెప్పింది:
"మాలీ కావాలంటున్నాడు నాన్నా."
"ఇవాళ బండి కట్టే పని లేదని చెప్పు,
వేషాలు చాలు, దిగమను."
మళ్లీ నిచ్చెనెక్కి చెప్పింది.
అతను తలూపాడు. దిగాడు కూడా.
మధ్యాహ్నం దాకా ఏరాడు.

మూడో రోజు క్యాంపు డాక్టరొచ్చి
కోటు గుండీలు విప్పి చూసి, మళ్లీ పెట్టేశాడు.
అపెండిక్స్ ఎప్పుడో పగిలింది.

పెట్టెని చర్చి దాకా మాలీయే లాగింది.
నాన్న కళ్లెం పట్టుకుని నడిచాడు, టోపీ తీసి.
ఆ సంగతి మళ్లీ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఈనిడ్‌కి నలభయ్యో ఏట
స్కెగ్‌నెస్ బీచిలో ఐస్‌క్రీమ్ బండి తలుపు
అమ్మేవాడి వేలు మీద పడింది.
మాలె! అని అరిచాడు వాడు.
మాలె! అని వేలు నోట్లో పెట్టుకున్నాడు.
ఆవిడ చేతిలో కోన్ కారిపోయి
మోచేతి దాకా వచ్చిందట.

ఆ పాటికి చర్చి పక్కన గొయ్యి కూడా లేదు.
లండన్ దగ్గర పెద్ద శ్మశానానికి
ఎముకలు తరలించారు, కాగితం చూపించి.
నేల కొంచెం గుంటపడింది.
కోత మిషను అక్కడికి రాగానే ఒక్కసారి దడదడమంటుంది.

మా భాషలో, ఆ మాట పక్కింట్లోనే
మేలు అని ఒకటుందని
చెప్పబోయాను.
ఊరుకున్నాను.
గాజుగుడ్డ తడిపి, పాత పట్టీ అంచు మెల్లగా లేపి
మళ్లీ అడిగాను, పదికి ఎంత?

ఆవిడ కాలువ వైపు చూస్తోంది.
"నువ్వు ఆ మడమ దగ్గర
మరీ బిగించి కడతావు" అంది.