ఐబిడ్

వారమంతా చిత్తూరు కోర్టు సమన్లు పంచుతాను.
శనివారం తెల్లారకముందే తిరుపతి బస్సెక్కి
న్యాయశాస్త్రంలో పీజీ చదువుతాను.
పూతలపట్టు దాటాక కండక్టరు లైట్లు ఆపేస్తాడు.
సెల్‌ఫోన్ వెలుగులో ఒక్కో పేరా, ఒక్కో గుంత.
చంద్రగిరి వచ్చేసరికి
సార్వభౌముడి ఆజ్ఞే చట్టమన్న వాక్యం దగ్గర
వారం వారం నాకు కునుకు పడుతుంది.

క్లాసులో అందరూ ఇరవై మూడేళ్ళ పిల్లలు.
అక్కా అంటారు, నోట్సు ఇస్తారు,
టీ డబ్బులు నన్నే కట్టమంటారు.
విగ్రహం చట్టం దృష్టిలో ఒక వ్యక్తి,
ఎన్నేళ్ళయినా మైనరే, అని పాఠం జరిగిన రోజు
హేమాద్రి కిటికీలోంచి కొండకేసి చూస్తా అడిగాడు:
'మరి ఆయనకు సమన్లు ఎవరిస్తారక్కా?'
ఆఫీసులో ఇవ్వాలిరా, ఐదు లోపల, అన్నాను.
క్లాసంతా నవ్వింది. నేను నిజమే చెప్పాను.

తస్లీమా ఒక్కతే అడిగింది,
'ఈ వయసులో ఎందుకక్కా ఇదంతా?'
ప్రమోషనుకు అన్నాను.
అది అబద్ధం కాదు. పూర్తి సాక్ష్యమూ కాదు.

నా డిసర్టేషన్ అంశం, సమన్ల జారీలో జాప్యం.
ఏకాంబరం సారు అద్దాలు నుదుటి మీదికి తోసి
'బాగుంది. సోర్సులేవి?' అన్నారు.
పద్నాలుగేళ్ళు సార్, నేనెక్కని గడప లేదు.
'గడపలకు పేజీ నంబర్లుండవమ్మా.'

ఫుట్‌నోట్ వేయడం అప్పుడే నేర్పించారు.
ఇప్పుడే చెప్పిన గ్రంథాన్ని మళ్ళీ చెప్పాల్సొస్తే
పేరంతా రాయనక్కర్లేదు,
ఐబిడ్ అంటే చాలు.
లాటిన్ మాట. అదే చోట, అని.

అదే చోట.
నా సంచిలో సగం కాగితాలు అదే చోటికి పోతాయి.
మొదటిసారి, ఇంట్లో లేడు. రెండోసారి, తాళం.
మూడోసారీ తాళమే, లోపల మిక్సీ తిరుగుతా ఉంటుంది.
'తలుపుకు అతికించడమైనది' అని రాసి
పక్కింటాయనతో సంతకం పెట్టించుకుని
మైదా జిగురు వేళ్ళతోనే టిఫిన్ డబ్బా తెరుస్తాను.
పాలసముద్రం పక్క ఒక ఊళ్ళో
ప్రతివాది పేరు చదివితే పిల్లోళ్ళు నవ్వినారు:
'అది మా మేక పేరు కోర్టమ్మా,
తాత పోయినాక దానికి పెట్టుకున్నాము.'
మేకను చూసే వచ్చాను.
రిపోర్టులో దానికి గడి లేదు.

నగరిలో కన్నెమ్మ సంగతి వేరే.
పవర్‌లూమ్ చప్పుడులో నాలుగుసార్లు పిలిచాను,
పేరు వినబడలేదు, నా నీడ పడితే మగ్గం ఆపింది.
కాగితం తీసుకుని తిరగేసింది, బోర్లేసింది.
'ఏముందో సదివి చెప్పుమే.'
చదవడం నా డ్యూటీ కాదు.
ఇవ్వడం, వేలిముద్ర, బయటపడడం.
ఆ రోజు ఇంకా తొమ్మిది కాగితాలున్నాయి.
అరుగు మీద కూర్చున్నాను.
నూలు అప్పు, లక్షా నలభై వేలు, వడ్డీ,
హాజరు కానిచో ఏకపక్షంగా
'ఏకపక్షమంటే?'
నువ్వు రాకపోయినా నీ సంగతి తేల్చేస్తారు.
'వస్తే?'
రెండు సెమిస్టర్లు ఫస్ట్‌క్లాసులో పాసైనదాన్ని,
ఆమె ఇచ్చిన నీళ్ళ చెంబులోకి చాలాసేపు చూశాను.

మూడో అధ్యాయం అడుగున చిన్న అక్షరాల్లో రాశాను:
కన్నెమ్మ, మగ్గం కూలీ, నగరి, నోటిమాట.
సారు ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేశారు.
లైబ్రరీ మెట్ల మీద ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని
మార్జిన్లు సర్దుతా తస్లీమా అడిగింది,
'తీసేద్దామా అక్కా?'
ఉండనీ.

నలభయ్యో ఫుట్‌నోట్ అక్కడే ఉంది.
నలభై ఒకటి, ఐబిడ్.
నలభై రెండు, ఐబిడ్.

వైవా పదకొండో తేదీన.
కన్నెమ్మ వాయిదా కూడా పదకొండునే.
సెలవు చీటీ రాసి పెట్టుకున్నాను,
కారణం అన్న చోట ఇంకా ఏమీ రాయలేదు.