ఎనభై కౌంట్

ఇసకపల్లి ఉప్పు కయ్యలు దాటాక
తుఫాను షెల్టర్ మేడ మీద
నా చెవి ఒకటి కట్టి ఉంది.
ముప్ఫై గజాల రాగితీగ.
ఒక కొస నీళ్ళ ట్యాంకు కమ్మీకి,
ఇంకో కొస తల విరిగిన తాటిమొద్దుకి.
ఉప్పుగాలి దాన్ని పచ్చగా కొరుకుతుంటుంది.
నేను చింతపండు పెట్టి తోముతుంటాను.

కింద మెట్లగదిలో అరచేతంత పెట్టె.
దానికి గొంతు లేదు. వినడమే.
రెండేసి నిమిషాలకోసారి
ఉపగ్రహాన్ని టైమడిగి, ఊపిరి బిగబట్టి
గాలిని జల్లెడ పడుతుంది.
మిగిలిన నాలుగు గింజలూ వరసల్లో రాసి
లోకానికి పంపుతుంది.
లోకం గీసుకున్న గళ్ళలో మా ఊరి పేరు
ఎన్‌కె సున్నా నాలుగు.
ఎవరెవరో, ఏ దేశాల్లోనో, నిద్రపట్టక
మా తాటిమొద్దు దాకా వచ్చి
చెవి ఆనించి పోతుంటారు.
గుమ్మంలో చెప్పులు కనబడవు.

వినబడేది ఏమంత గొప్పదని?
ఒక పేరు. ఒక చోటు.
ఇంత కరెంటుతో పిలుస్తున్నానని ఒక లెక్క.
బాగున్నావా అని కూడా అడగదు.
టార్చిబల్బు వెలగని బలంతో
సముద్రాలు దాటొచ్చి
మా హోరు కింద
ఇరవై ఎనిమిది డెసిబెల్స్ లోతున పడుకుని ఉంటుంది.

హోరు మాత్రం మాదే.
కటారి పెంచల నరసయ్యవి ఆరు రొయ్యల గుంటలు,
గుంటకి ఎనిమిది ఏరియేటర్లు,
వాటి వేగం తగ్గించి పెంచే డ్రైవ్ పెట్టెలు.
చీకటి పడితే చాలు,
నా తెర మీద నీలంగా జారాల్సిన జలపాతం
పసుప్పచ్చటి బురద.

రెండేళ్ళు పోట్లాడుకున్నాం.
"నీ చెవికి నొప్పని
నా రొయ్యకి గాలి ఆపమంటావా అబ్బయా?"
ఏమంటాను.
నెల్లూరు ట్రంకు రోడ్డులో దొరకని ఫెరైట్ రింగులు
మద్రాసు నుంచి తెప్పించి
గట్టు గట్టూ తిరిగి ఒక్కో వైరుకీ తొడిగాను.
ఆయన భార్య సుబ్బరత్తమ్మ చూసి నవ్వింది:
"మోటార్లకి మెట్టెలు పెడతన్నాడే!"
సగం హోరు తగ్గింది.
సగం ఉంది.

మొన్న వైశాఖంలో, తెల్లారగట్ల
నాలుగూ యాభైకి కరెంటు పోయింది.
తెర ఒక్కసారిగా నల్లబడితే
పాడైందనుకున్నాను.
కాదు, అది నిశ్శబ్దం.
మూడేళ్ళలో దాని రంగు నేనెప్పుడూ చూళ్ళేదు.
ఒకటి, మూడు, తొమ్మిది సన్నటి గీతలు,
పోటు తీసిన తడి ఇసక మీద పీతపిల్లల నడక.
నాకు సంతోషమేసింది. దాచడమెందుకు.

అప్పుడే గట్టు మీంచి కేక.
జనరేటర్ అందుకోవడం లేదు.
తెల్లారే ముందే కదా నీళ్ళలో ఊపిరి అడుగంటేది.
రొయ్యలు పైకి తేలి మీసాలాడిస్తున్నాయి.
టార్చి వేస్తే నీటి మీద వేల ఎర్రటి కళ్ళు.
అవీ సిగ్నళ్ళే,
బలహీనమైనవి, పక్కింటివి.
పెట్టెని దాని మానాన వదిలి పరిగెత్తాను.
హ్యాండిల్ నేను తిప్పాను,
డీజిల్ గొట్టం ఆయన ఊదాడు,
సుబ్బరత్తమ్మ ఏ దేవుణ్ణి తిట్టిందో గుర్తులేదు.
ఐదున్నరకి పట్టుకుంది.
చక్రాలు తిరిగాయి.
నా తెర మళ్ళీ బురదై ఉంటుంది, పోనీ.

వచ్చి చూస్తే చిట్టాలో ఒక కొత్త వరస.
ఐదూ ఇరవై రెండు. మైనస్ ఇరవై తొమ్మిది.
అండమాన్ల పక్కన, పన్నెండు వేల మీటర్ల ఎత్తున,
ఎవరో వదిలిన బెలూన్.
అక్కడ మనకంటే ముందే తెల్లారి
గోరంత సోలార్ పలకకి ఎండ తగిలి
అది లేచి తన పేరు చెప్పుకుంది.
ఆరు రోజులుగా జాడ లేదట.
విన్నది మా పెట్టె ఒక్కటే.
నేను లేను అక్కడ.

ఫోనులో నరసయ్యకి చూపించాను.
ఇద్దరి చేతులూ డీజిల్ వాసన.
ఆయన ఎత్తడగలేదు, దూరమడగలేదు.
"బరువెంత ఉండాది?" అన్నాడు.
బుడగ కింద వేలాడేది
పన్నెండున్నర గ్రాములన్నాను.
గుంట వైపు చూస్తూ మనసులోనే భాగించాడు.

"ఎనభై కౌంటు.
ఇంకో ఇరవై రోజులు మేపితే రేటు పలుకుద్ది."